885 అడుగుల గీత – డాక్టర్ కె.ఎల్. రావు గారి జీవితం

కీర్తిశేషులు డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి పేరు వినని ఇరిగేషన్ ఉద్యోగి గాని, విద్యుత్ ఉద్యోగి గాని మన పెన్షనర్లలో ఉండరు. కె.ఎల్. రావు గారంటే చాలు, అందరికీ తెలుస్తుంది. ప్రత్యేక సంచికకు శ్రీశైలం డ్యామ్ గురించి వ్రాయమని సంపాదక వర్గం వారు కోరారు. డ్యామ్‌తో పాటు ఆ మనిషి గురించి కూడా వ్రాస్తానని ఒప్పుకున్నాను. అయితే ఒక మాట ముందే చెప్పాలి. నేను కొల్లాపురం తాలూకా వాణ్ణి. ఆయన గురించి బెజవాడ వైపు మిత్రులు వ్రాసే వ్యాసానికీ, నేను వ్రాసే దానికీ కొంత తేడా ఉంటుంది. వారికి ఆయన ఎన్నుకున్న ఎం.పి., నీళ్ళ సంగతి తెలిసిన పెద్దమనిషి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు మాకు ఆ కాలపు డ్యామ్ అంటే ముందు గుర్తుకు వచ్చేది ముంపు. ఒకే కృష్ణా నదికి పై ఊళ్ళవాళ్ళం, కింది ఊళ్ళవాళ్ళం. చూపులో తేడా సహజమే.

లక్ష్మణరావు గారు 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటూ ఉండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. తండ్రి లేని పిల్లవాడు, ఒక్క కన్ను. మధ్యతరగతి ఇంట్లో ఆ రోజుల్లో అలాంటి పిల్లవాడికి ఏదో ఒక చిన్న కొలువు చూసి పెట్టడమే గొప్ప. ఆయన మాత్రం మదరాసు వెళ్ళి ఇంజనీరింగు చదివారు. మదరాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టరు డిగ్రీ పొందిన మొదటి విద్యార్థి ఆయనే. రంగూన్‌లో కొంతకాలం పాఠాలు చెప్పారు. తర్వాత ఇంగ్లండు వెళ్ళి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 1939లో డాక్టరేటు తీసుకున్నారు. డ్రాయింగు బల్ల మీద సన్నటి గీతలు చూస్తూ బ్రతకవలసిన వృత్తిని ఒంటి కన్నుతో ఎంచుకోవడం ఎంత కష్టమో, అదే బల్ల దగ్గర చాలా ఏళ్ళు గడిపిన నాకు కొంత తెలుసు.

ఆయన ప్రత్యేక విద్య రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు. దాని మీద ఆయన వ్రాసిన గ్రంథం ఇంజనీరింగు విద్యార్థులకు పాఠ్యపుస్తకంగా నడిచింది. స్వదేశానికి తిరిగి వచ్చాక మదరాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. అది గోదావరి మీద పోలవరం దగ్గర రామపాదసాగరం అనే పెద్ద డ్యామ్ కట్టాలని మదరాసు ప్రభుత్వం లెక్కలు వేస్తున్న కాలం. నది అడుగున ఇసుక చాలా లోతు ఉండడం, ఖర్చు అలవికి మించడం వల్ల అది కాగితాల మీదే ఆగింది. 1950లో రావు గారు ఢిల్లీ వెళ్ళి కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరు అయ్యారు. 1954లో చీఫ్ ఇంజనీరు. దేశంలో పెద్ద డ్యామ్‌లన్నీ ఒకేసారి లేచిన దశాబ్దం అది. భాక్రా, హీరాకుడ్, చంబల్, కోసీ, నాగార్జునసాగర్. అన్నిటి కాగితాలూ ఆ కార్యాలయం మీదుగా పోవలసినవే.

ఇక్కడ కాంక్రీటు సంగతి కొంచెం చెప్పాలి. పెన్షనర్లకు తెలిసినదే అయినా, ఈ పత్రిక చదివే మనుమలకు, మనుమరాళ్ళకు తెలియకపోవచ్చు. శ్రీశైలం వంటి డ్యామ్‌ను గ్రావిటీ డ్యామ్ అంటారు. అంటే వెనుక నుంచి నీరు ఎంత తోసినా, కేవలం తన బరువుతో నిలబడే గోడ. నీరు ముందుకు తోయడమే కాదు, గోడ కిందికి, పునాది పగుళ్ళలోకి దూరి పైకి కూడా ఎత్తుతుంది. దాన్ని అప్‌లిఫ్ట్ అంటారు. అందుకే పునాది రాతిలో బెజ్జాలు తొలిచి, సిమెంటు పాలు వత్తిడితో ఎక్కించి పగుళ్ళు మూస్తారు. దాన్ని కూడా దాటి వచ్చే ఊట నీటికి డ్యామ్ పొట్టలో సొరంగం లాంటి గ్యాలరీ పెట్టి, బెజ్జాల ద్వారా బయటకు తోడేస్తారు. ఎండాకాలంలో ఆ గ్యాలరీలోకి దిగినవారికి ఆ చల్లదనం గుర్తుండే ఉంటుంది.

ఇంకొక చిక్కు వేడి. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఇంటి స్లాబుకు అది లెక్కలోది కాదు, ఒకటి రెండు రోజుల్లో చల్లారుతుంది. వందల అడుగుల మందం గల డ్యామ్ పోసేస్తే లోపలి వేడి ఏళ్ళ తరబడి బయటకు రాదు. పైపొర చల్లబడి ముడుచుకుంటుంది, లోపల వేడిగా ఉబ్బి ఉంటుంది. గోడ పగులుతుంది. అందుకే డ్యామ్‌ను ఒక్కసారిగా కాక బ్లాకులు బ్లాకులుగా విడదీసి, ఒక్కో బ్లాకును కొద్ది అడుగుల ఎత్తు చొప్పున పోసి, చల్లారనిచ్చి, ఆ పై వరుస పోస్తారు. భాక్రాలో కాంక్రీటు లోపల గొట్టాలు పెట్టి చల్లటి నీరు పంపి చల్లార్చారు. ఇదంతా యంత్రాలతో, సిమెంటుతో, విదేశీ మారకంతో కూడిన పని.

నాగార్జునసాగర్‌కు మాత్రం ఇంకొక దారి పట్టారు. కాంక్రీటు శాస్త్రంలో డాక్టరేటు చేసిన రావు గారి డిజైన్‌గా పేరు పొందిన ఆ డ్యామ్ రాతికట్టుతో లేచింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్‌ను 124 మీటర్ల ఎత్తుకు, మనుషులు నెత్తిన రాళ్ళు, సున్నం, సిమెంటు మోసి కట్టారు. సిమెంటు కొరత, యంత్రాల కొరత ఉన్న దేశంలో చేతులకు కొరత లేదు. పాలమూరు కూలీలు వేలాదిగా అక్కడ పని చేశారు. పాలమూరు లేబరు అనే పేరు దేశంలోని డ్యామ్‌లన్నిటి దగ్గరా వినిపించిన కాలం అది. మా తాలూకా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస పోయేవి. తమ ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేని మనుషులు ఇతరుల పొలాలకు నీళ్ళిచ్చే గోడలు కట్టారు. తనకు వచ్చిన విద్యను దేశానికి ఉన్న వనరులకు తగినట్టు వంచుకోవడం రావు గారి గొప్పతనంగా నేను భావిస్తాను. ఆ వనరులో మా వాళ్ళ నెత్తి కూడా ఒకటి అన్నది మరువలేను.

1962లో ఉద్యోగ విరమణ చేసి, అదే సంవత్సరం విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లో, 1971లో మళ్ళీ గెలిచారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది. అదే ఏడాది జులైలో నెహ్రూ గారి మంత్రివర్గంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు. ఇంజనీరుగా తన శాఖలో పైదాకా ఎదిగి, పదవీ విరమణ తర్వాత అదే శాఖకు మంత్రి కావడం మన దేశంలో అరుదు. ఫైలు మీద ఏది వ్రాసి పంపినా మంత్రి గారికి లెక్క తెలుసు కదా అనే భయం కింది ఇంజనీర్లకు ఉండే ఉంటుంది. నెహ్రూ, శాస్త్రి, ఇందిరా గాంధీ గార్ల మంత్రివర్గాలలో 1973 దాకా పదేళ్ళు ఆ శాఖను చూశారు.

ఆయన మంత్రి అయిన నెలలోనే, 1963 జులై 24న, శ్రీశైలం డ్యామ్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. శ్రీశైలం డ్యామ్‌ను రావు గారు ఒక్కరే కట్టారని నేను అనను. అది రాష్ట్ర ప్రభుత్వపు ప్రాజెక్టు. వందలాది ఇంజనీర్లు, వేలాది కూలీలు కట్టినది. కాని ఆ డ్యామ్ పునాదుల దశ అంతా ఆయన మంత్రిగా ఉన్న పదేళ్ళలోనే నడిచింది. నిధులు విదిలించడంలో ఆలస్యం, పనులలో ఆలస్యం, రెండూ ఆ పదేళ్ళలోనే మొదలయ్యాయి.

నల్లమలలో నది లోతైన గండి లోపల పారే చోటు అది. ఈ ఒడ్డున మన అమ్రాబాదు అడవి, దోమలపెంట, ఈగలపెంట. ఆ ఒడ్డున అప్పటి కర్నూలు జిల్లా, సున్నిపెంట. క్వార్ట్‌జైట్ రాయి గట్టిదే గాని, మధ్య మధ్య మెత్తటి షేల్ పొరలు ఉన్నాయి. బలహీనపు రాయిని తవ్వి తీసి, కాంక్రీటు నింపి, ఆపైన గోడ లేపాలి. వరద వచ్చిన ప్రతి ఏడాదీ పని ఆగేది. 512 మీటర్ల పొడవు, పునాది అడుగు నుంచి 145 మీటర్ల ఎత్తు, 12 గేట్లు. మొదటి అంచనా 38 కోట్ల రూపాయల పైచిలుకు. డ్యామ్, మొదటి నాలుగు విద్యుత్ యూనిట్లు పూర్తయ్యే సరికి అది 400 కోట్లు దాటింది. 1981కి గాని డ్యామ్ నిలవలేదు. 1982లో మొదటి యూనిట్ తిరిగింది. 1987 నాటికి కుడి గట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, మొత్తం 770 మెగావాట్లు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. శ్రీశైలం మొదట కేవలం విద్యుత్ ప్రాజెక్టు. నీటిని నిలిపి, కిందికి వదులుతూ కరెంటు తీసి, ఆ నీటినే నాగార్జునసాగర్‌కు పంపాలన్నది లెక్క. ఒక ఇంజనీరు కంటికి అది చక్కని లెక్క. ఒకే నీటి బొట్టు రెండు చోట్ల పని చేస్తుంది. ఆ లెక్కలో డ్యామ్ వెనుక ఉన్న కొల్లాపురం, వనపర్తి, ఆలంపురం తాలూకాల పొలాలకు కాలువ లేదు. నీరు పల్లంలో, పొలాలు మెరకలో. ఎత్తిపోయాలంటే కరెంటు ఖర్చు. ఆ రోజుల్లో ఆ ఊసు ఎత్తినవారు తక్కువ.

నేను 1974లో ప్రాజెక్టు డ్రాయింగు సెక్షనులో ట్రేసరుగా చేరాను. రావు గారిని నేను చూడలేదు. మా ఇంజనీరు గారి బల్ల మీద ఆయన పుస్తకం మాత్రం ఎప్పుడూ ఉండేది, అట్ట ఊడిపోయి, దారంతో కట్టి. మా పని ఇంజనీర్లు గీసిన పెన్సిలు డ్రాయింగును ట్రేసింగు క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో ఎక్కించడం. తర్వాత అమోనియా ప్రింట్లు తీసేవారు. ఆ వాసనకు కళ్ళు మండేవి. ఒకసారి ముంపు ప్రాంతపు షీట్లు వచ్చాయి. ఫుల్ రిజర్వాయరు లెవల్ 885 అడుగులు. ఆ ఎత్తున నేల ఎక్కడ ఉందో అక్కడల్లా ఒక గీత గీయాలి. ఆ గీత లోపల ఉన్నది మునుగుతుంది, బయట ఉన్నది మిగులుతుంది. చెట్లు, బావులు, గుళ్ళు, ఇళ్ళు చిన్న చిన్న గుర్తులుగా ఉన్నాయి. మా మేనమామ గారి ఊరు గీతకు లోపల ఉంది. ఊరి మధ్య వేపచెట్టు అరుగు దాకా నాకు తెలుసు గాని, షీటు మీద ఆ అరుగు లేదు. గీత సన్నగా, సమానంగా రావాలి కాబట్టి చేయి వణకకూడదు. గీసి ఇచ్చాను. నెలాఖరుకు జీతం తీసుకున్నాను. ఉద్యోగి చేసేది అంతే కదా.

1981 వానాకాలానికి ముందు ఊళ్ళు ఖాళీ చేయించారు. అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో కలిపి నూటికి పైగా గ్రామాలు, లక్ష ఎకరాల పైచిలుకు భూమి ముంపులోకి వెళ్ళింది. దాదాపు లక్ష మంది ఇల్లు వదిలారు. ఏటి ఒడ్డు నల్లరేగడి, ఒండ్రు నేలలు అవి. ఎరువు వేయకుండానే పండేవి. మా మేనమామ గారు పరిహారం తీసుకుని మెరకన ఉన్న కొత్త ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. అక్కడ నేల ఎర్ర చెలక. రాళ్ళు ఏరడంతోనే ఆయన మిగతా జీవితం గడిచింది.

గుళ్ళకు మాత్రం మనుషుల కంటే మంచి ఏర్పాటు జరిగిందని మా వైపు పెద్దలు అనేవారు. అందులో ఎత్తిపొడుపు ఉంది, నిజమూ ఉంది. కృష్ణా, తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఆలంపురంలో తిరిగి పేర్చారు. పాపనాశి గుళ్ళనూ అలాగే తరలించారు. బాదామి చాళుక్యులు కట్టించిన ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలను కదపకుండా, ఊరి చుట్టూ నీరు రాకుండా అడ్డుకట్ట వేశారు. కొల్లాపురం వైపు సోమశిల, జటప్రోలు గుళ్ళు పైకి వచ్చాయి. ఇందులో పురావస్తు శాఖ వారి కృషి మెచ్చుకోదగినది. వెయ్యేళ్ళకు పైబడిన గుడిని విప్పి మళ్ళీ నిలపడం డ్యామ్ కట్టడం కంటే తక్కువ పని కాదు.

రావు గారి విషయానికి మళ్ళీ వస్తే, మంత్రిగా ఆయన కాలంలోనే 1969లో కృష్ణా జలాల పంపకానికి బచావత్ ట్రిబ్యునల్ ఏర్పడింది. 1973 చివర, ఆయన పదవి వదిలిన కొద్ది వారాలకే ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. అందులో మన జిల్లాకు సంబంధించిన ఒక అంకె ఉంది. హైదరాబాదు రాష్ట్రం విడిపోకపోతే పాలమూరుకు అందవలసిన నీరు పోయిందని గుర్తించి, జూరాలకు 17.84 టి.ఎం.సి.లు కేటాయించారు. గద్వాల దగ్గర జూరాల పనులకు 1981లో శంకుస్థాపన జరిగింది. అంటే శ్రీశైలం వెనుక ఊళ్ళు ఖాళీ అయిన సంవత్సరమే. నీరు పారడానికి 1990ల మధ్య దాకా ఆగవలసి వచ్చింది.

మంత్రిగా ఉన్న చివరి రోజుల్లో, 1972లో, రావు గారు గంగా-కావేరి కాలువ ప్రతిపాదన చేశారు. పాట్నా దగ్గర గంగ వరద నీటిలో 60,000 క్యూసెక్కులు ఏడాదికి 150 రోజులు తోడి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దక్షిణానికి తేవాలన్నది ఆయన ఆలోచన. కరెంటు ఖర్చు చూసి పక్కన పెట్టారు. చిత్రమేమంటే, గంగను ఎత్తిపోయడానికి ఆలోచించిన కాలంలో, కొల్లాపురం పక్కన ఉన్న కృష్ణను ఎత్తిపోయడం ఆ స్థాయిలో ఎవరి కంటికీ ఆనలేదు. అది ఆయన ఒక్కరి లోపం కాదు, ఆ తరం లెక్క అలా ఉండేది. డ్యామ్ అంటే కిందికి పారే నీరు.

పదవి వదిలాక 1975లో దేశ జలసంపద మీద ఒక గ్రంథం, 1978లో క్యూసెక్స్ కాండిడేట్ అనే పేరుతో ఇంగ్లీషులో తన జ్ఞాపకాలు ప్రచురించారు. ఇంజనీరుగా మొదలై ఇంజనీరుగానే మిగిలిన మనిషి అని ఆ పేరే చెబుతుంది.

ఆయన పోయిన తర్వాత డ్యామ్‌కు అసలు పరీక్ష 2009 అక్టోబరు 2న వచ్చింది. కృష్ణా, తుంగభద్రలు ఒక్కసారే పొంగి, దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి పడింది. నిర్మాణ సమయంలో లెక్కవేసుకున్న దాని కంటే అది చాలా ఎక్కువ. నేను ట్రేసింగు క్లాత్ మీద గీసిన 885 అడుగుల గీతను దాటి నీరు 896 పైకి పోయింది. కర్నూలు మునిగింది. అడ్డుకట్ట ఉన్న ఆలంపురం కూడా మునిగింది. గేట్ల మీదుగా నీరు పోతుంటే ఆ రాత్రి డ్యామ్ దగ్గర డ్యూటీలో ఉన్న మన ఉద్యోగులు చోటు వదలలేదు. గోడ నిలిచింది. బరువుతో నిలబడే గోడ అంటే ఏమిటో ఆ రోజు ప్రపంచం చూసింది.

మన వైపు ఎడమ గట్టున కొండలోపల 150 మెగావాట్ల యూనిట్లు ఆరింటితో భూగర్భ విద్యుత్ కేంద్రం 2003 నాటికి పూర్తయింది. అక్కడే 2020 ఆగస్టు 20 రాత్రి అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది మరణించారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు ఎడమ కాలువ సొరంగం కూలి మరో ఎనిమిది మంది చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు. వారి కుటుంబాలకు మనందరి సానుభూతి. జలాశయం కట్టిన కొత్తలో 308 టి.ఎం.సి.లు పట్టేది. పూడిక చేరి 2009 సర్వే నాటికి 215కు వచ్చింది. ఏటా నల్లమట్టి వచ్చి అడుగున చేరుతోంది. అందులో మా పొలాల మన్ను ఎంతో.

వెనుక జలాల నుంచి మన వైపు ఎత్తిపోసే పథకాలు చివరకు వచ్చాయి. కొల్లాపురం దగ్గర నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు తిరిగాయి. జూరాల నుంచి నెట్టెంపాడు, భీమా వచ్చాయి. పాలమూరు-రంగారెడ్డి పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగి, 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర మొదటి పంపు నడిచింది. మా మేనమామ గారి మనుమడు చెలకలో వరి వేసిన సంవత్సరం నన్ను పిలిచి చూపించాడు. ముసలాయన అప్పటికే లేరు.

డాక్టర్ కె.ఎల్. రావు గారు 1986 మే 18న కాలధర్మం చెందారు. శ్రీశైలం జలాశయానికి నీలం సంజీవరెడ్డి గారి పేరు ఉంది. రావు గారి పేరు తర్వాత పులిచింతల ప్రాజెక్టుకు పెట్టారు. ఆయన చనిపోవడానికి నెల రోజుల ముందు, 1986 ఏప్రిల్‌లో, శ్రీశైలం ముంపు కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగం ఇస్తామంటూ 98 నంబరు జీవో వెలువడింది. మన సభ్యులలో కొందరు ఆ జీవో కిందే ఉద్యోగంలో చేరి, సర్వీసు పూర్తి చేసుకుని, పెన్షను తీసుకుంటున్నారు. అదే జీవో కాగితం పట్టుకుని కొల్లాపురం, వనపర్తి, ఆలంపురం వైపు నుంచి ఆఫీసుల చుట్టూ తిరిగి, ఉద్యోగ వయసు దాటిపోయినవారు అంతకంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు.